పాడి ఇంటి కోడలికి పాలు లేని టీ

ప్రశ్న: పిన్నిగారికి నమస్కారం. నాకు ఇరవయ్యేడేళ్లు. పుట్టిల్లు సోంపేట దగ్గర, అత్తవారిల్లు నరసన్నపేట దగ్గర పల్లె. ఇంట్లో మూడు గేదెలున్నాయి. కిందటేడు ఒక దున్నదూడ పుట్టింది. మగది కదా అని తల్లి దగ్గరికి సరిగ్గా వదల్లేదు. నెల తిరక్కుండానే చచ్చిపోయింది. అది కళ్లారా చూశాక నాకు పాల గ్లాసు నోటి దాకా రాలేదు. ఏడు నెలలుగా పాలు, పెరుగు, నెయ్యి, తేనె అన్నీ మానేశాను. దీన్ని వీగన్ అంటారని తర్వాత తెలిసింది. మా ఆయన ఏమీ అనరు. అత్తమ్మ మాత్రం "మన గేదె పాలే నీకు పనికిరాకుండా పోయాయా" అని బాధపడుతున్నారు. రెండు పూటలా టీ దగ్గరే ఇబ్బంది. ఆన్‌లైన్‌లో దొరికే మొక్కల పాల డబ్బాలు మేము కొనగలిగే ధరలో లేవు. పంచదారను ఎముకలతో తెల్లబరుస్తారని ఒక వీడియోలో చూశాను, నిజమేనా? బెల్లం, తాటిబెల్లం వాడొచ్చా? దగ్గుకి తేనె బదులు ఏం తీసుకోవాలి? ఈమధ్య అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, నీరసమే అనుకుంటున్నాను. ఇంకొకటి, మా నాన్నకు క్రియాటినిన్ పెరిగిందన్నారు. నన్ను చూసి ఆయన కూడా పాలు మానేసి రోజూ కొబ్బరి నీళ్లు తాగుతున్నారు. మంచిదే కదా?
ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు:

అమ్మా,

నీ ఉత్తరం చివర్లో పోతూ పోతూ రాసినట్టు రెండు సంగతులు రాశావు. నీ అరికాళ్ల తిమ్మిర్లు, మీ నాన్నగారి క్రియాటినిన్. ముందు వాటికే జవాబు చెబుతాను. టీ సంగతి నిదానంగా మాట్లాడుకోవచ్చు, ఈ రెండూ ఆగేవి కావు.

క్రియాటినిన్ పెరిగిందంటే కిడ్నీలు సరిగ్గా పనిచేయడం లేదేమో అని అనుమానించాలి. మీ నాన్నగారిని కొబ్బరి నీళ్లు ఈ రోజే ఆపమని చెప్పు. డాక్టరుగారు రక్తంలో పొటాషియం ఎంతుందో చూసి తాగొచ్చంటే అప్పుడు తాగుతారు. కొబ్బరి నీళ్లు చెడ్డవని కాదు, నేనూ తాగుతాను. కానీ 100 మిల్లీలీటర్లలో దాదాపు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఒక మాదిరి బోండంలో 300 మిల్లీలీటర్లు ఉన్నాయనుకున్నా 750 మిల్లీగ్రాములు ఒక్కసారిగా లోపలికి వెళ్లినట్టు. కిడ్నీలు బాగున్నవాళ్లకు ఎక్కువైనదంతా మూత్రంలో పోతుంది. దెబ్బతిన్న కిడ్నీలు దాన్ని సరిగ్గా బయటికి పంపలేవు. రక్తంలో పేరుకుంటే గుండె కొట్టుకునే తీరే తప్పుతుంది, అదీ ముందుగా ఏ నొప్పీ తెలియకుండా. సోంపేట, కవిటి, కంచిలి వైపు పుట్టిన పిల్లవి, ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతమందిని తీసుకుపోయిందో నీకు నేను చెప్పక్కర్లేదు. ఆ ఊళ్లలోనే ఇంటికొచ్చిన మనిషికి బోండం కొట్టి ఇవ్వడం మర్యాద. చుట్టాలింట్లో కూడా వద్దనమని మీ నాన్నగారికి గట్టిగా చెప్పు.

కింద నేను చెప్పబోయే బెల్లం, తాటిబెల్లం, వేరుశనగ, జీడిపప్పు అన్నీ నీకు మాత్రమే. వాటిలో కూడా పొటాషియమో భాస్వరమో గట్టిగానే ఉంటాయి. ఆయన పాలు మానాలా, ఎంత తాగాలి, రోజుకి ఎన్ని నీళ్లు పట్టించాలి అన్నవి కిడ్నీ డాక్టరు రక్తపరీక్ష చూసి తేల్చవలసినవి. 2023 చివర్లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది కాబట్టి విశాఖ దాకా పరుగెత్తే పని కూడా తగ్గింది. నువ్వే వెంటబెట్టుకుని తీసుకెళ్లు. కూతురి మీద ప్రేమతో మొదలుపెట్టిన అలవాటు కదా, నువ్వు చెబితేనే మానుతారు.

ఇక నీ తిమ్మిర్లు. దాన్ని నీరసం అనుకోకు. నేను అలాగే అనుకుని పొరపాటు చేశాను. నేను పాలు మానేసి పదమూడేళ్లయింది. పుట్టుకతో శాకాహారిని. పాలు మానేసిన రెండో ఏడు చలికాలంలో స్నానాలగది గచ్చు చల్లగా ఉన్నట్టే తెలిసేది కాదు. ఒకరోజు విజయనగరం గంటస్తంభం దగ్గర నడుస్తూంటే చెప్పు ఊడిపోయింది, నాలుగడుగులు వేశాక వెనకనుంచి ఎవరో పిలిచి చెబితే గానీ నాకు తెలియలేదు. అప్పుడు పరీక్ష చేయిస్తే బి12 అడుగంటి ఉంది. సూదులు వేయించుకున్నాక మూడు నెలలకి కాళ్లు మళ్లీ నావయ్యాయి. ఎడమ కాలి చిటికెన వేలు మాత్రం ఈనాటికీ మొద్దుగానే ఉంది. నరం ఎక్కువ రోజులు ఎండితే పూర్తిగా తిరిగి రాదు, అందుకే నీకింత తొందరపెట్టి చెబుతున్నాను.

బి12ను తయారు చేసేది సూక్ష్మజీవులు. మన తిండిలో అది పాలు, గుడ్లు, చేపలు, మాంసం ద్వారానే వస్తుంది. మొక్కల్లో నమ్ముకోదగినంత లేదు. తరవాణిలో (అంటే పులియబెట్టిన గంజి నీళ్లలో), చద్దన్నంలో పులుపు ఉంది కాబట్టి బి12 వచ్చేస్తుందని కొందరు చెబుతారు, దాన్ని పట్టుకుని కూర్చోకు. ఒంట్లో నిల్వ బాగుంటే ఏడు నెలలకే తరిగిపోదు నిజమే. కానీ మన శాకాహారుల్లో చాలామందికి ఆ నిల్వ ముందు నుంచే అంతంతమాత్రం. తిమ్మిర్లకు షుగరు, థైరాయిడ్ కూడా కారణం కావచ్చు కాబట్టి మూడూ ఒకేసారి పరీక్ష చేయించు. బి12 విలువ 200 పికోగ్రాముల కింద ఉంటే చాలా ల్యాబులు లోపంగానే చెబుతాయి. పరీక్ష కాకుండా ఫోలిక్ యాసిడ్ బిళ్లలు మాత్రం ఒంటరిగా మింగకు. అవి రక్తహీనతను కప్పేస్తాయి, లోపల నరాల నష్టం అలాగే సాగుతుంది. బి12 మందు సూక్ష్మజీవుల నుంచే తీస్తారు, కాబట్టి నీ నియమానికి అడ్డు కాదు. గుల్ల మాత్ర, అంటే క్యాప్సూల్ అయితే ఆ గుల్ల జెలటిన్‌తో, అంటే పశువుల ఎముకలు, తోలుతో చేసినది కావచ్చు. బిళ్ల రూపంలో ఇమ్మని మందుల షాపులో అడుగు. డి3 విటమిన్ కూడా ఎక్కువగా గొర్రె ఊలులోని జిడ్డు నుంచి తీస్తారు, నీకు కావాలంటే డి2 ఉంది.

ఇప్పుడు పంచదార. నువ్వు చూసిన వీడియో పూర్తి అబద్ధం కాదు, మన సంగతీ కాదు. అమెరికాలో కొన్ని శుద్ధి కర్మాగారాలు చెరకు పంచదార రంగు తీయడానికి పశువుల ఎముకలు కాల్చిన బొగ్గు గుండా పాకాన్ని పంపుతాయి. మన దేశంలో మిల్లుల్లో ఎక్కువ భాగం చేసే పద్ధతి వేరు. చెరకు రసాన్ని వేడి చేసి, సున్నం కలిపి, గంధకం కాల్చిన పొగ పట్టిస్తారు. మడ్డి అడుక్కి దిగుతుంది, పైన తేటను కాచి పలుకు కట్టిస్తారు. సంకిలి చక్కెర ఫ్యాక్టరీకి చెరకు లారీలు వెళ్తుంటే నువ్వు చూసే ఉంటావు. మన మిల్లుల్లో చాలావరకు పంచదార తెల్లబడేది గంధకంతో, ఎముకలతో కాదు. కాబట్టి ఊళ్లో కిరాణా కొట్టులో దొరికే మామూలు పంచదార మీద బెంగ పెట్టుకోకు.

బెంగ పెట్టుకోవలసిన చోటు ఇంకొకటుంది, దాని గురించి ఎవరూ వీడియోలు చెయ్యరు. మిఠాయి వంటవాళ్లు పంచదార పాకం కాచేటప్పుడు మురికి పైకి తేలాలని గరిటెడు పాలు పోస్తారు. తెట్టు కట్టగానే తీసేస్తారు, పాకం అద్దంలా ఉంటుంది. జిలేబీ, బూందీ, కొన్ని షర్బత్ పాకాలు ఇలాగే తయారవుతాయి. నూనెలో వేయించినదే కదా, నెయ్యి లేదు కదా అని నువ్వు తింటావు. పెళ్లిళ్లలో వంటాయన్ని ఒక్క మాట అడిగితే చెబుతాడు. ఇంట్లో చేసుకునేటప్పుడు పాలు అక్కర్లేదు, పలుచని గుడ్డలో వడగడితే సరిపోతుంది.

బెల్లం నిశ్చింతగా వాడుకో. గానుగ దగ్గర రసం కాచేటప్పుడు మడ్డి తీయడానికి సున్నమో, బెండ కాండం నలిపిన జిగురు నీళ్లో పోస్తారు. పొంగు అణచడానికి నాలుగు చుక్కల ఆముదం వేస్తారు. అన్నీ నీకు పనికొచ్చేవే. పసుపుపచ్చగా మెరిసే బెల్లం మాత్రం కొనకు, అది ఎక్కువగా హైడ్రోస్ అనే రసాయనం వేసి రంగు తీసినది. నల్లగా, కాస్త ముతకగా ఉన్నది అడుగు.

తాటిబెల్లం దగ్గర నీకు ఒక సూక్ష్మం చెప్పాలి. నీరా పులిసి కల్లు కాకుండా ఉండాలని చెట్టుకి కట్టే కుండ లోపల సున్నం పూస్తారు. ఆ సున్నం కొన్నిచోట్ల రాతి సున్నం, కొన్నిచోట్ల గుల్ల సున్నం. గుల్ల సున్నమంటే నత్తగుల్లలు, ఆల్చిప్పలు కాల్చి చేసినది. వీగన్లలో కొందరు అందుకని తాటిబెల్లం కూడా ముట్టరు. నేను ముడతాను. ఆ గుల్ల కోసం ఎవరూ తాటిచెట్టు ఎక్కలేదు, నేను మానితే ఒక నత్త బతికేదీ లేదు. నువ్వు పాలు మానింది దూడ కోసం. నీ గీత ఆ దూడ దగ్గర మొదలైంది. ఏ పదార్థం తీసుకోవాలన్నా, ఇది కావాలని ఒక ప్రాణిని కట్టేశారా, దాని నోటి దగ్గరది లాక్కున్నారా అని అడిగి చూసుకో. పాలకి అవునంటుంది జవాబు. తేనెకి అవునంటుంది. కుండ లోపలి సున్నానికి ఆ మాట అంత గట్టిగా నాకు వినిపించదు. నీకు వినిపిస్తే మానెయ్యి, నేను కాదనను. కానీ ఈ సూక్ష్మాలన్నీ తవ్వుతూ బి12 పరీక్ష వాయిదా వేశావంటే మాత్రం నేను ఒప్పుకోను.

తీపి ఏదైనా కొలత ఒకటే. బెల్లమైనా, తాటిబెల్లమైనా రక్తంలోకి వెళ్లాక చక్కెరే. ఇలా కలిపే తీపి రోజుకి 25 గ్రాములు, అంటే ఆరు టీ చెంచాలు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. నాలుగు టీలు తాగి, ఒక్కో దాంట్లో రెండు చెంచాలు వేసుకుంటే అక్కడికే ఎనిమిది. ఇంట్లో ఎవరికైనా షుగరుంటే తాటిబెల్లం పర్వాలేదని మాత్రం పోయకు. టీలో వేసుకునే చిన్న తీపి బిళ్లలు కొన్నిటిలో లాక్టోజ్ కలుపుతారు, అది పాల చక్కెర. డబ్బీ మీద చదివి కొనాలి. మధుపత్రి (స్టీవియా) ఆకు పొడికి ఆ ఇబ్బంది లేదు, కాకపోతే చివర కాస్త చేదు నాలుక మీద నిలుస్తుంది.

తేనె గురించి. మన మన్యంలో సవరలు, జాతాపులు కొండల మీంచి తెచ్చిన తేనెని 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ కొని అమ్ముతుంది. సీతంపేట సంతకి వెళితే సీసాలు కనిపిస్తాయి. నువ్వు తేనె మానడం నీ ఇష్టం, మంచిదే. ఈగలు తమ పిల్లల కోసం కూడబెట్టుకున్నది అది. కానీ తేనె తెచ్చి పొట్ట పోసుకునే మనిషిని నొప్పించే మాట అనకు. ఆ సంస్థ దగ్గరే చింతపండు కొను, కాఫీ పొడి కొను. దగ్గుకి తేనె బదులు తాటిబెల్లం కషాయం చేసుకో. గ్లాసున్నర నీళ్లలో చిన్న తాటిబెల్లం ముక్క, పది మిరియాలు దంచి, చిటికెడు శొంఠి, నాలుగు తులసాకులు వేసి గ్లాసు అయ్యేదాకా మరిగించి, గోరువెచ్చగా గుటక గుటకగా తాగు. గొంతు తడిగా ఉంటే దగ్గు సగం శాంతిస్తుంది. మాటలో మాట, రేపు నీకు బిడ్డ పుడితే నాలుకకి తేనె రాయనివ్వకు. వీగన్ నియమం కోసం కాదు. ఏడాది లోపు పిల్లలకు తేనెలోని ఒక సూక్ష్మజీవి వల్ల ప్రాణం మీదికి వచ్చే జబ్బు రావచ్చు. డాక్టర్లంతా వద్దనే చెబుతారు.

సరే, టీ. ఇక్కడే నీ రోజు రెండు పూటలా గడిచేది కాబట్టి వివరంగా చెబుతాను.

డబ్బా పాలు నీకు అవసరమే లేదు. పలాస జీడిపప్పు నీకు పక్కనే ఉంది. గుళ్లు కొనకు, బద్దలూ కొనకు, విరిగిన ముక్కలు అడుగు. ధర బాగా తక్కువ, పాలకి ముక్కైనా గుండైనా ఒకటే. ఇద్దరికి టీకి ఒక గుప్పెడు ముక్కలు వేడినీళ్లలో అరగంట నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, అర గ్లాసు మంచినీళ్లతో మిక్సీలో వెన్నలా అయ్యేదాకా తిప్పు. మధ్యలో ఆపి వేళ్లతో నలిపి చూడు, ఇసకలా తగిలితే ఇంకో నిమిషం. తర్వాత ఇంకో అర గ్లాసు నీళ్లు పోసి ఒక తిప్పు. వడగట్టే పని లేదు. డికాషన్ విడిగా అల్లంతో, టీ పొడితో చిక్కగా మరిగించు. దాన్ని పొయ్యి మీంచి దించి, జీడిపాలలోకి డికాషన్‌ని నెమ్మదిగా పొయ్యి. పాలని తీసుకెళ్లి కుతకుతలాడే డికాషన్‌లో పోస్తే ముక్కలుముక్కలుగా విరిగినట్టవుతుంది. కలిపాక సన్న సెగ మీద ఒక్క పొంగు వచ్చేలోపు దించెయ్యి. జీడిపప్పులో పిండి పదార్థం ఉంది కాబట్టి ఎక్కువ కాస్తే జావలా చిక్కబడుతుంది. బెల్లం వేసుకుంటే మాత్రం దించాకే వేసి కలుపు. గేదె పాల టీలో బెల్లం ముందే వేస్తే ఎలా విరుగుతుందో మీ అత్తమ్మకి తెలుసు, ఇదీ అలాగే అలుగుతుంది. మొదటి నాలుగు రోజులు రుచి కొత్తగా ఉంటుంది. అయిదో రోజుకి నాలుక సర్దుకుంటుంది.

కొబ్బరి పాలు టీకి అంతగా నప్పవు. వాసన టీని మింగేస్తుంది, నూనె పైకి తేలుతుంది. వాటిని పరమాన్నానికి దాచుకో. ముదురు కాయ కోరి పిండిన తొలి పాలు చివర్లో, మలి పాలు అన్నం ఉడికేటప్పుడు పోస్తే బెల్లంతో అద్భుతంగా కుదురుతుంది. వేరుశనగ పాలు అన్నిటికంటే చౌక. పచ్చి గింజలు ఆరు గంటలు నానబెట్టి, పొట్టు రుద్ది తీసి, రుబ్బి, గుడ్డలో పిండి, పది నిమిషాలు కాచాలి. మిగిలిన పిప్పిలో మిరపకాయలు వేసి నూరితే పచ్చడి. ఆ పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు అయిదారు పచ్చిమిరపకాయల తొడిమలు వేసి రాత్రంతా మూత పెట్టి ఉంచితే తెల్లారేసరికి తోడుకుంటాయి. గేదె పెరుగంత గట్టిగా రాదు, మజ్జిగకి మాత్రం చక్కగా పనికొస్తుంది. మాంసకృత్తులు కావాలంటే సోయా పాలు, 100 మిల్లీలీటర్లకి దాదాపు 3 గ్రాములుంటాయి, ఆవు పాలకి సాటి. నానిన సోయా గింజల్ని వేడినీళ్లతోనే రుబ్బు, పచ్చి వాసన తగ్గుతుంది. ఇరవై నిమిషాలు కాచకుండా మాత్రం తాగకు, పచ్చి సోయాలో జీర్ణానికి అడ్డుపడే గుణం ఉంది.

వీటిని పాలు అనొచ్చా అని నీకెవరైనా అడ్డం వేస్తే, మన భాషనే చూపించు. కొబ్బరి పాలు, గోధుమ పాలు అని మన అమ్మమ్మలు అన్నారు. వరి వెన్ను పాలు పోసుకుంది అని రైతు ఇప్పటికీ అంటాడు. షర్బత్‌కి వాడే సుగంధిపాల వేరులో చుక్క పాలు లేవు, పేరులో ఉన్నాయి. అంగట్లో మాత్రం చట్టం వేరు. సోయా, ఓట్స్ లాంటివాటిని ప్యాకెట్ మీద మిల్క్ అని రాయకూడదు, కాబట్టి డ్రింక్ అనో బేవరేజ్ అనో ఉంటుంది, తికమక పడకు.

బజార్లో నువ్వు మోసపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. మా విజయనగరం సిరిమానోత్సవానికి వస్తే బండి మీద బాదం పాలు కనిపిస్తాయి. అవి బాదం పప్పుల పాలు కావు, గేదె పాలలో బాదం పొడి, పసుపు రంగు. రోజ్ మిల్క్ అంతే. ప్యాకెట్ల మీద ఉండే పచ్చ చుక్కని నమ్ముకోకు. అది శాకాహారం గుర్తు మాత్రమే, పాలు, తేనె ఉన్నా ఆ చుక్క పడుతుంది. వీగన్ ఆహారానికి 2022లో వేరే నిబంధనలు వచ్చాయి. పచ్చ గీతల చతురస్రంలో ఇంగ్లీషు వి (V) అక్షరం, దానిమీద చిన్న ఆకు ఉంటే అది నీకు పనికొచ్చే సరుకు. ఆ గుర్తు మన కొట్లలో ఇంకా అరుదు, అందుకే వెనక సన్న అక్షరాలు చదవడం నేర్చుకో. మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసినేట్, లాక్టోజ్, ఈ నాలుగు మాటలు గుర్తుపెట్టుకుంటే చాలావరకు గట్టెక్కుతావు. నాన్ డెయిరీ క్రీమర్ అని రాసిన కాఫీ పొడుల్లో కూడా కేసినేట్ ఉంటుంది కొన్నిసార్లు, అది పాల మాంసకృత్తే. పిల్లలకి కలిపే మాల్టు పొడుల్లో పాలపొడి మామూలే. బస్టాండులో టీ కొట్టు దగ్గరైతే "పాలు వద్దు బాబూ, డికాషన్లో నిమ్మకాయ పిండు" అంటే ఇస్తారు. అదే జల్లెడలో వడగట్టాడని గొడవ పడకు.

మీ ఇంట్లో ఇప్పటికే ఉన్నవాటిని లెక్కపెట్టు. శ్రీరామనవమి పానకంలో బెల్లం, మిరియాలు, యాలకులు, శొంఠి తప్ప ఏముంది? రామతీర్థంలో పోసే పానకం నువ్వు చేతులు చాచి తాగొచ్చు. చెరకు రసం, గోళీ సోడాలో నిమ్మా ఉప్పూ, ఎండల్లో తరవాణి తేట. అన్నిటిలోకీ నాకు ప్రాణం చోడి అంబలి, అంటే రాగి అంబలి. రాత్రి చోడిపిండి నీళ్లలో కలిపి పులియబెట్టి, తెల్లవారి నూకలు ఉడుకుతున్న ఎసట్లో ఉండ కట్టకుండా కలియబెట్టి, చల్లారాక మజ్జిగ బదులు తరవాణి పోసుకుని, ఉప్పు వేసి, ఉల్లిపాయ నంజుకుని తాగు. చోడి 100 గ్రాముల్లో 350 మిల్లీగ్రాములకు పైగానే కాల్షియం ఉంటుంది. పెద్దవాళ్లకి రోజుకి 1000 కావాలంటారు, అంబలి ఒక్కటే అంత ఇవ్వదు. రోజూ రెండు చెంచాల నువ్వులు, వారంలో మూడు నాలుగు సార్లు మునగాకో తోటకూరో ఉండాలి. పాలు మానేసిన ఇంటి ఆడపిల్ల ఈ లెక్క మరిచిపోకూడదు.

ఇక అత్తమ్మ. ఆవిడ అన్న మాట మళ్లీ చదివాను. మన గేదె పాలే నీకు పనికిరాకుండా పోయాయా. ఆవిడ తెల్లవారుజామున లేచి పేడ తీసి, కుడితి పెట్టి, పిండి తెచ్చిన పాలు అవి. పిల్లనిచ్చిన ఇంటివాళ్ల ముందు ఆవిడ గౌరవం కూడా అవే. నువ్వు వద్దన్నది పాలని, ఆవిడకి వినిపించింది తన చేతిని వద్దన్నట్టు. అందుకని టీ గురించి వాదించకు. చావిడిలో పని నువ్వు మానలేదని ఆవిడ చూడాలి. కుడితి నువ్వు పెట్టు, ఎండలో గేదెల్ని నువ్వు కడుగు. రథసప్తమికి పాలు పొంగిస్తే పక్కన నిలబడి చిక్కుడాకులు అందించు, నీ పరమాన్నం కొబ్బరి పాలతో వేరే గిన్నెలో పెట్టుకో, ఇంట్లో ఇద్దరు దేవుళ్లు ఉన్నట్టేమీ కాదు. సాయంత్రం జీడిపాల టీ రెండు గ్లాసులు పెట్టి ఒకటి ఆవిడకిచ్చి, బాగుందో లేదో చెప్పమని అడుగు. తరవాణి కుండ ఎలా పెట్టాలో ఆవిడ దగ్గరే నేర్చుకో, నేను కాగితం మీద రాసినదానికన్నా ఆవిడ చేతి కుండ బాగా పులుస్తుంది.

నాలుగు రోజులు పోయాక, మనసు మెత్తగా ఉన్న పూట చూసి, ఒక్కటి అడుగు. ఈసారి గేదె ఈనినప్పుడు దూడ మగదైనా ఆడదైనా ఒక చన్ను దానికి వదులుదాం అత్తమ్మా అని. పాతకాలం పాడి ఇళ్లలో అది వాడుకే, ఆవిడ తల్లిగారింట్లోనూ చూసే ఉంటారు. ఒప్పుకుంటారని నాకు నమ్మకం.

రక్తపరీక్ష చీటీ రాగానే బి12 అంకె ఎంతో నాకు రాయి. మీ నాన్నగారి పొటాషియం అంకె కూడా.

ప్రేమతో,
పిన్ని
విజయనగరం